సెటిల్మెంటు: కోయిలకుంట్ల ప్రాంత చరిత్రలో ఒక ఆంగ్లపదం – బహుళార్థాలు

వ్యాససంగ్రహం

‘సెటిల్మెంటు’ అనే ఆంగ్లపదం తెలుగునేలపై రెండు శతాబ్దాలకు పైగా వాడుకలో ఉంది. భూమిశిస్తు నిర్ణయం, భరణం ఏర్పాటు, నిర్బంధ ఆవాసం, ఆస్తి దస్తావేజు, వివాద పరిష్కారం, జీవితంలో స్థిరపడటం మొదలైన భిన్నార్థాలను ఈ ఒక్క పదం మోస్తున్నది. కోయిలకుంట్ల ప్రాంత చరిత్రను ఆధారం చేసుకొని ఈ అర్థాల క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ అర్థాలు పైకి వేరువేరుగా కనిపించినా, ఒకరి స్థితిని ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న వాటిలో చాలావాటిని కలుపుతుందని, ఆ ప్రశ్నను విస్మరించిన అనువాదం చరిత్రరచనను తప్పుదారి పట్టిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: సెటిల్మెంటు, బందోబస్తు, జమాబందీ, దత్తమండలాలు, రైత్వారీ, కట్టుబడి, కోయిలకుంట్ల.

1. ఉపోద్ఘాతం

కోయిలకుంట్లలో భూమి తగాదాతో తిరిగే ఒక రైతుకు ఒకే రోజున ఒకే మాట మూడు అర్థాలలో వినబడవచ్చు. రెవెన్యూ కార్యాలయంలో “సెటిల్మెంటు రికార్డు చూడాలి” అంటారు. దస్తావేజు లేఖరి “తండ్రి కూతురికి సెటిల్మెంటు రాసిచ్చాడు” అంటాడు. ఊళ్లో పెద్దమనుషులు “కోర్టుకెందుకు, సెటిల్మెంటు చేసుకోండి” అంటారు. సాయంత్రం ఇంటికి వచ్చిన చుట్టం “మీవాడు సెటిలయ్యాడా?” అని అడిగితే అది నాలుగో అర్థం. ఈ నాలుగింటిలో ఏదీ ఆ రైతును తికమకపెట్టదు. సందర్భమే అతనికి నిఘంటువు.

తికమకపడేది పరిశోధకుడు. కంపెనీ కాలపు పత్రాలను, మాన్యువళ్లను, గెజిటీర్లను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ పదం ఒకచోట ‘పరిష్కారం’గా, మరొకచోట ‘ఒప్పందం’గా, వేరొకచోట ‘స్థిరనివాసం’గా మారుతుంది. అనువాదకుడు ఎంచుకొన్న మాటను బట్టి, ఆ పత్రం వెనుక జరిగిన సంఘటన స్వభావమే మారిపోతుంది. కనుక ఇది భాషాశాస్త్ర సమస్య మాత్రమే కాదు, చరిత్రరచనా సమస్య కూడా.

ఈ పరిశీలనకు కోయిలకుంట్ల అనువైన క్షేత్రం. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో ఇది భాగం. మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం తాలూకాలతోపాటు అందులో చేరింది. 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లాలో ఉంది. రైత్వారీ విధానం తొలినాటి ప్రయోగక్షేత్రాలలో ఇదొకటి. ఆ ప్రయోగం నీడలో తలెత్తిన 1846 నాటి తిరుగుబాటుకు కేంద్రమూ ఇదే.

2. పదవ్యుత్పత్తి: కూర్చోవడం – కట్టడం

‘సెటిల్’ అనే క్రియకు మూలం ప్రాచీన ఆంగ్లంలో ఆసనాన్ని తెలిపే ‘సెట్ల్’ అనే నామవాచకం. కూర్చోబెట్టడం, ఒకచోట కుదురుగా నిలపడం దాని తొలి అర్థం. ‘సిట్’, ‘సీట్’ అనే ఆంగ్లపదాలూ, సంస్కృతంలోని ‘సద్’ ధాతువూ, దాని నుండి వచ్చిన సదనం, సదస్సు మొదలైన పదాలూ ఒకే ఇండో యూరోపియన్ మూలానికి చెందినవి. ఈ విధంగా చూస్తే ‘సెటిల్మెంటు’ తెలుగు పాఠకునికి దూరపు చుట్టమే.

ఆంగ్లంలోనే ఈ పదం అనేక దారులు పట్టింది. 1662 నాటి ఇంగ్లండు సెటిల్మెంటు చట్టం పేదలు ఏ పారిష్‌కు చెందుతారో నిర్ణయించి, ఆ హక్కు లేనివారిని వెనక్కి పంపే అధికారమిచ్చింది. 1701 నాటి సెటిల్మెంటు చట్టం రాజ్యవారసత్వాన్ని నిర్ణయించింది. 1826లో ఏర్పడిన స్ట్రెయిట్స్ సెటిల్మెంట్సులో ఆ పదానికి వలసస్థావరం అని అర్థం. పేదవాని నివాసానికీ, రాజు సింహాసనానికీ, సముద్రతీర స్థావరానికీ ఒకే మాట చాలింది.

భారతదేశంలో ఈ పదం ఎదుర్కొన్న స్థానిక పదం ‘బందోబస్తు’. పారశీకంలో ‘బంద్’, ‘బస్త్’ రెండూ కట్టడానికి సంబంధించిన మాటలే. శిస్తును ఇంతని బిగించి నిర్ణయించడం బందోబస్తు. 1855లో వెలువడిన హెచ్.హెచ్. విల్సన్ న్యాయ, రెవెన్యూ పదకోశం బందోబస్తుకు సెటిల్మెంటు అనే అర్థమే ఇచ్చింది. ఏటేటా గ్రామలెక్కలు తేల్చే ‘జమాబందీ’లోనూ ఉన్నది ఆ ‘బంద్’ శబ్దమే. తెలుగులోని కట్టు, కట్టడి, కట్టుబడి అనే పదాలు కూడా ఇదే భావంపై నిలిచాయి.

ఆంగ్లపదం కూర్చోబెట్టడం నుండి పుడితే, పారశీక, తెలుగు పదాలు కట్టివేయడం నుండి పుట్టాయి. పాలకుడు తన పనిని చూసిన తీరు మొదటి దానిలో, పాలితునిపై దాని ఫలితం రెండవ దానిలో కనిపిస్తాయని చెప్పవచ్చు. తరువాతి కాలంలో తెలుగులో బందోబస్తు శిస్తు అర్థాన్ని దాదాపు వదులుకొని, పోలీసు కాపలాకు పేరైంది. ఖాళీ అయిన ఆ స్థానంలోకి ‘సెటిల్మెంటు’ ఆదానపదంగా వచ్చి చేరింది.

3. దత్తమండలాలు: ఒకే పదంలో మూడు పనులు

1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో కాలంలో సెటిల్మెంటు మూడు పనులను ఏకకాలంలో సూచించింది.

మొదటిది ప్రాంతాన్ని అదుపులోకి తేవడం. మన్రో వచ్చేనాటికి ఈ మండలాలలో ఎనభైమంది దాకా పాలెగాళ్లు ఉన్నారు. కోటలు, బంట్లు, కావలిహక్కులు వారి చేతిలో ఉండేవి. వారి సైనికబలాన్ని తొలగించడమే అధికారుల దృష్టిలో దేశాన్ని ‘సెటిల్’ చేయడం. 1801లో తెర్నేకల్లు గ్రామం శిస్తు విషయంలో ప్రతిఘటించినప్పుడు కంపెనీ సైన్యాన్ని ప్రయోగించింది. శాంతిని సూచించే పదం వెనుక ఇక్కడ ఉన్నది బలప్రయోగం.

రెండవది శిస్తు నిర్ణయం. ఉత్తర సర్కారులలో 1802 నాటి ఇరవై ఐదవ రెగ్యులేషను ప్రకారం జమీందార్లతో శాశ్వత సెటిల్మెంటు జరిగింది. మన్రో దత్తమండలాలలో పొలాలను కొలిపించి, నేల తరగతులు కట్టించి, రైతువారీగా శిస్తు నిర్ణయించాడు. ఆ రేట్లు ఎక్కువని ఆయనే గుర్తించాడు. పంటలో ప్రభుత్వభాగం నూటికి 45 వంతుల దాకా ఉన్నదని, దాన్ని మూడోవంతుకు తేవడానికి శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలని 1807లో ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన అప్పుడు అమలు కాలేదు. ఆయన వెళ్లిన తరువాత మూడేళ్ల గ్రామకౌళ్లు, ఆపైన పదేళ్ల కౌళ్లు వచ్చాయి. 1820లో ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన తరువాతే రైత్వారీ మళ్లీ ప్రతిష్ఠితమైంది.

ఇక్కడ ఒక వ్యాకరణాంశం గమనార్హం. ఆంగ్ల పత్రాలు జమీందారుతో సెటిల్మెంటు, రైతుతో సెటిల్మెంటు అని రాస్తాయి. ‘తో’ అనే విభక్తి ఇద్దరు సమానులు కూర్చొని కుదుర్చుకొన్న ఒప్పందాన్ని స్ఫురింపజేస్తుంది. ఆచరణలో నేల తరగతిని నిర్ణయించినవారు ప్రభుత్వోద్యోగులు. రేటు నిర్ణయించినదీ, వసూలు చేసినదీ ప్రభుత్వమే. రైతుకు మిగిలింది ఒప్పుకోవడం లేదా పొలం వదులుకోవడం. పొలం వదులుకొంటూ రాసే పత్రానికి రెవెన్యూ పరిభాషలో ‘రాజీనామా’ అని పేరు. సమ్మతిపత్రం అనే అర్థం గల మాట నిష్క్రమణకు పేరుగా మారడం ఆ ‘తో’ అసలు స్వభావాన్ని చెబుతుంది.

మూడవది భరణం. పాలెగాళ్ల భూములను, కావలిహక్కులను స్వాధీనం చేసుకొని, వారిలో పలువురికి పింఛన్లు ఏర్పాటు చేశారు. ఒకరిపై కొంత సొమ్మును ‘సెటిల్’ చేయడం ఆంగ్లంలో ఆస్తిచట్టపు వాడుక. ఈ అర్థంలో సెటిల్మెంటు పొందినవాడు అధికారాన్ని కోల్పోయి, ఆదాయాన్ని పరుల చేతినుండి అందుకొనేవాడు.

4. 1846: తేలని లెక్క

ఈ మూడవ అర్థమే నాలుగు దశాబ్దాల తరువాత కోయిలకుంట్లలో ప్రశ్నకు గురైంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాలెగాళ్ల వంశీకుడు. నొస్సం పాలెగారు జయరామిరెడ్డి ఆయన మాతామహుడు. నొస్సం వారి పింఛను వారసులు లేరన్న కారణంతో నిలిచిపోయింది. తన పితృవంశం ద్వారా నరసింహారెడ్డికి వచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు మాత్రమే. అణాపైసల వరకు తేల్చిన ఆ అంకెలో సెటిల్మెంటు తర్కమంతా ఉంది. ఒకప్పటి పాలన హక్కు తరతరాలకు పంచగా పంచగా మిగిలిన భాగహారశేషం అది.

ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడులు ముఖ్యులు. గ్రామాల కావలి కాసి, దానికి ప్రతిఫలంగా మాన్యాలు అనుభవించినవారు కట్టుబడులు. కంపెనీ కొత్త పోలీసు వ్యవస్థను తెచ్చిన తరువాత వారి సేవ అనవసరమైంది. మాన్యాలను ప్రభుత్వం తిరిగి తీసుకోసాగింది. పాలెగారికి పింఛనైనా దక్కింది. కట్టుబడికి అదీ లేదు. ఊరికీ కావలివానికీ మధ్య సేవ, భూమి కలగలిసిన పాత కట్టును విప్పి, ఆ భూమిని ఎకరాల లెక్కలోకి తేవడమే శిస్తు సెటిల్మెంటు వారికి చేసిన పని.

1846 జులై 10న తిరుగుబాటుదారులు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. ఎక్కడైతే శిస్తు జమయ్యేదో, ఎక్కడి నుండి పింఛను చెల్లించేవారో ఆ తాలూకా కచేరీయే తొలి లక్ష్యం కావడం యాదృచ్ఛికం అనిపించదు. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్‌ల నాయకత్వంలో కంపెనీ బలగాలు వెంటాడగా, అక్టోబరు 6న నరసింహారెడ్డి పట్టుబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్ల వద్ద ఉరితీశారు. ఆయన శిరస్సును కోటపై 1877 వరకు వేలాడదీసి ఉంచారు.

ఈ తిరుగుబాటును కేవలం పింఛను తగాదాగా చూపిన వలసకాలపు కథనాలు ఒకవైపు, పూర్తిస్థాయి స్వాతంత్ర్యసమరంగా చూపే ఇటీవలి కథనాలు మరొకవైపు ఉన్నాయి. సెటిల్మెంటు అనే పదం వెంట నడిస్తే మూడవ మార్గం కనిపిస్తుంది. ప్రభుత్వం లెక్క తేలిందని మూసివేసిన పద్దును పాలెగారి వంశీకుడూ, కట్టుబడులూ తేలలేదని తిరిగి తెరిచారు. వారిద్దరి నష్టాలు వేరువేరు స్థాయిలవి. వారిని ఒక్కచోట చేర్చినది వారి సమ్మతి లేకుండా జరిగిన నిర్ణయం.

జనస్మృతి ఈ చరిత్రను రెండు వైపులా దాచుకొంది. నరసింహారెడ్డిపై వీరగాథా గేయాలు ఈ సీమలో ప్రచారంలో ఉన్నాయి. అదే సీమలో శిస్తు తగ్గించాలని వాదించిన మన్రో పేరిట బిడ్డలకు ‘మన్రోలప్ప’ అని పేరుపెట్టుకోవడమూ జరిగింది. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే ఆ కాలపు సంక్లిష్టత అర్థమవుతుంది.

5. నిర్ణయం నుండి రికార్డుకు

1858లో మద్రాసు రాష్ట్రంలో సర్వే, సెటిల్మెంటు పనులు శాస్త్రీయ పద్ధతిపై వ్యవస్థీకృతమయ్యాయి. సాధారణంగా 30 ఏళ్ల గడువుతో రేట్లు నిర్ణయించి, గడువు తీరాక ‘రీసెటిల్మెంటు’ చేసేవారు. కుందూ లోయలోని నల్లరేగడి, ఎర్రనేల, మెట్ట, తరి అన్నీ ‘తరాలు’గా విభజితమై రిజిస్టర్లకెక్కాయి. ఆంగ్లం, తెలుగు రెండు భాషలలో ఉన్న ఆ రిజిస్టరును రెవెన్యూ వాడుకలో నేటికీ ‘డైగ్లాట్’ అంటారు.

ఈ దశలో సెటిల్మెంటు ఒక చర్య స్థితి నుండి ఒక పుస్తకం స్థితికి మారింది. తగాదా వచ్చినప్పుడు రైతు వెతికేది రేటును కాదు. ఆ పుస్తకంలో తన తాతపేరు ఉందా, ఆ సర్వే నంబరు పట్టాభూమిగా నమోదైందా, ప్రభుత్వభూమిగా నమోదైందా అన్నదే అతని ప్రశ్న. శిస్తు భారంగా మొదలైన మాట హక్కుకు ఆధారంగా మారడం ఈ పదచరిత్రలో పెద్ద మలుపు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీందారీ గ్రామాలలో రైత్వారీ పట్టాలు ఇచ్చే అధికారి పేరు కూడా ‘సెటిల్మెంటు ఆఫీసరే’. పన్ను విధించిన పేరే పట్టా ఇచ్చింది.

6. నిర్బంధ సెటిల్మెంటు

భూమిని తరాలుగా విభజించిన పాలన మనుషులనూ అదే విధంగా విభజించింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 సవరణ రూపంలో మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. నేరస్థులుగా ముద్రవేసిన తెగలను పారిశ్రామిక, వ్యావసాయిక, సంస్కరణ ‘సెటిల్మెంట్ల’లో ఉంచే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. 1910వ దశకంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టువర్టుపురం, మిషనరీల నిర్వహణలో నడిచిన కావలి, కర్నూలు జిల్లాలో ఆత్మకూరు వైపున్న సిద్ధాపురం ఈ కోవలోనివి.

ఉప్పు, ధాన్యం మోస్తూ ఊరూరా తిరిగిన ఎరుకల వంటి సంచారసమూహాల జీవనాధారం రైళ్లతో, ఉప్పు విధానాలతో దెబ్బతిన్నది. ఆపై వారి సంచారమే నేరలక్షణమైంది. వారిని ఒకచోట కూర్చోబెట్టడం సంస్కరణగా ప్రచారమైంది. హాజరుపట్టీ, అనుమతిచీటీ లేకుండా ఊరు దాటలేని స్థితి అది. ఆంగ్లపదపు తొలి అర్థమైన కూర్చోబెట్టడమూ, పారశీక పదపు అర్థమైన కట్టివేయడమూ ఇక్కడ ఒక్కటయ్యాయి. 1947లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1952 ఆగస్టు 31న దేశవ్యాప్తంగానూ ఈ చట్టం రద్దయింది. ఆ తెగలు విముక్తజాతులయ్యాయి. ఊరిపేరుకు అంటిన సెటిల్మెంటు ముద్ర మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదు.

7. దస్తావేజు – పంచాయితీ

1899 నాటి భారత స్టాంపు చట్టం సెటిల్మెంటును వీలునామా కాని ఆస్తి పంపక పత్రంగా నిర్వచించింది. వివాహం నిమిత్తం, కుటుంబసభ్యుల లేదా ఆశ్రితుల నిమిత్తం, ధర్మకార్యం నిమిత్తం చేసే పంపకాలు దాని పరిధిలోకి వస్తాయి. రిజిస్ట్రేషను కార్యాలయాలలో ఇది ‘దాన సెటిల్మెంటు దస్తావేజు’గా ప్రసిద్ధం. ఆడబిడ్డకు ‘పసుపు కుంకుమ’ కింద నోటిమాటగా ఇచ్చే పొలం రిజిస్ట్రేషనుకు ఎక్కినప్పుడు తరచుగా ఈ పేరే ధరిస్తుంది. ఈ అర్థంలో పదానికి ప్రేమ, బాధ్యత తోడయ్యాయి. అయితే ఆ కాగితంపై సంతకం చేసే చేయి ఆస్తి గలవానిదే.

వివాద పరిష్కారమనే అర్థం మరింత జటిలమైనది. రాయలసీమలో రాజీ, పంచాయితీ, పెద్దమనుషుల మాట అనే పదాలు ఎప్పటినుండో ఉన్నాయి. లోక్ అదాలత్‌లకు 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టం చట్టబద్ధత కల్పించిన తరువాత రాజీకి న్యాయస్థానపు ముద్ర కూడా లభించింది. అయినా “సెటిల్మెంట్లు చేస్తాడు” అన్న వాక్యం తెలుగులో ఆ రాజీని సూచించదు. బలంతో, బెదిరింపుతో, వాటా తీసుకొని భూమి తగాదాలు తేల్చే వ్యక్తిని సూచిస్తుంది. ముఠాకక్షల చరిత్ర గల ప్రాంతాలలోనూ, భూమి విలువలు పెరిగిన నగరాలలోనూ ఈ అర్థం బలపడింది.

రాజీ అనే మాట ఉండగా తెలుగువారు దీనికి ఆంగ్లపదాన్నే ఎందుకు ఎంచుకొన్నారన్నది ఆలోచించదగిన విషయం. రాజీలో ఇరుపక్షాల సమ్మతి అర్థాంతర్గతంగా ఉంది. సెటిల్మెంటులో అది తప్పనిసరి కాదు. పైనుండి ఒకరు తేల్చే నిర్ణయానికి కచేరీ భాషలో తరతరాలుగా ఉన్న పేరు అది. కచేరీ అధికారాన్ని కచేరీ బయట చేజిక్కించుకొన్నవానికి కచేరీ పదమే అమరిందని ఊహించవచ్చు.

8. సెటిలవడం – సెట్లరు

పై అర్థాలన్నింటిలోనూ మనిషి సెటిల్మెంటుకు కర్మ. ‘సెటిలవు’ అనే క్రియలో మాత్రం అతడే కర్త. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి కుదిరిన స్థితి అది. వానను నమ్ముకొన్న మెట్టసేద్యపు కుటుంబాలలో ఈ మాటకు ఉన్న బరువు సులభంగా అర్థమవుతుంది. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో సెటిలవడమంటే ఏటేటా తేలని లెక్క నుండి బయటపడటం. నేలపై రేటు స్థిరపడినా నేలను నమ్ముకొన్నవాడు స్థిరపడలేదన్న చారిత్రకసత్యం ఈ వాడుకలో దాగి ఉంది.

‘సెట్లరు’ అనే రూపం దీనికి మరోవైపు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టుకూ, తరువాత తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి ప్రాంతాలకూ కోస్తా రైతులు తరలివెళ్లారు. వారి నివాసాలు ‘క్యాంపులు’గా పేరుపొందాయి. తెలంగాణలో వారు ‘సెట్లర్లు’. తరాలు గడిచినా ఆ పేరు నిలవడం గమనించదగినది. ‘సెటిలయ్యాడు’ అన్న మాట ప్రయాణం ముగిసిందని చెబుతుంటే, ‘సెట్లరు’ అన్న మాట అది ఇతరుల దృష్టిలో ముగియలేదని చెబుతున్నది.

9. అనువాద సమస్య

పై పరిశీలన నుండి పరిశోధకునికి కొన్ని ఆచరణసూత్రాలు లభిస్తాయి. శిస్తు సందర్భంలో సెటిల్మెంటును ‘శిస్తు నిర్ణయం’ అనడం సమంజసం. ‘శిస్తు ఒప్పందం’ అంటే లేని సమ్మతిని ఉన్నట్టు చూపినట్టవుతుంది. పాలెగాళ్ల అణచివేత సందర్భంలో ‘శాంతిస్థాపన’ అనువాదం పాలకుని కోణాన్ని వ్యాఖ్య లేకుండా స్వీకరిస్తుంది. అక్కడ ‘లోబరచుకోవడం’ నిజానికి దగ్గర. నేరస్థ తెగల చట్టం సందర్భంలో ‘కాలనీ’, ‘ఆవాసం’ అనే మాటలు నిర్బంధాన్ని దాచివేస్తాయి. దస్తావేజు సందర్భంలో ఆదానపదాన్ని అలాగే ఉంచడమే మేలు. అది ఇప్పటికే తెలుగుమాట.

10. ముగింపు

1. సెటిల్మెంటు అనే పదం కోయిలకుంట్ల ప్రాంతంలోకి మన్రో కాలంలోనే మూడు అర్థాలతో ప్రవేశించింది. లోబరచుకోవడం, శిస్తు నిర్ణయం, భరణం అనే ఆ మూడు పనులు ఒకదానిపై ఒకటి ఆధారపడినవి.

2. 1846 తిరుగుబాటును ఆ మూడు నిర్ణయాలపై పాలెగారి వంశీకులు, కట్టుబడులు కలిసి లేవనెత్తిన అభ్యంతరంగా చదవడానికి ఈ పదచరిత్ర తోడ్పడుతుంది.

3. బందోబస్తు శిస్తు నుండి కాపలాకు జరగడం, సెటిల్మెంటు శిస్తు నుండి హక్కుపత్రానికీ, ఆపైన బలవంతపు తీర్పుకూ జరగడం తెలుగు సమాజం ప్రభుత్వాధికారాన్ని అనుభవించిన తీరుకు సాక్ష్యాలు.

4. ఈ పదం ఎదురైన ప్రతి పత్రంలోనూ నిర్ణయించినది ఎవరు, ఎవరి గురించి, వారి సమ్మతి ఉన్నదా అన్న ప్రశ్నలు వేసుకొన్న తరువాతే తెలుగు మాటను ఎంచుకోవాలి.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. కొత్త కొలతలు, కొత్త పుస్తకాలు మరోసారి గ్రామాలకు వచ్చాయి. మన్రో కొలతల నాటి నుండి ఈ నేల నేర్పిన పాఠం ఒక్కటే. రికార్డులో తేలిన లెక్క రైతు మనసులోనూ తేలినప్పుడే అది సెటిల్మెంటు.